'మాజీ' అనే రెండక్షరాలు

తమ్ముడూ,

నీ నవల రెండు రాత్రుల్లో చదివేశాను. ముషీరాబాద్ బస్తీలో నల్లా నీళ్ల కోసం కొట్లాడిన కుర్రాడు మంత్రి కావడం. కథ బాగా పరుగెత్తుతోంది. ఇంకొంచెం నడిచినా బాగుండేది.

ముందు ఒక తప్పు. నీ హీరో 1995లో కార్పొరేటర్‌గా గెలిచాడని రాశావు. ఆ ఏడు హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌కు ఎన్నికలే లేవు. 1986లో జరిగాయి, మళ్లీ 2002లోనే. మధ్యలో పాలకవర్గం గడువు తీరాక అధికారులే నడిపారు. అంకె దిద్దేసి ఊరుకోకు. వాణ్ణి 1986లోనే గెలిపించు. కుర్చీ పోయాక పదేళ్ల పైచిలుకు వాడేం చేశాడో రాయి. నీ నవల అక్కడుంది.

మా చిలకలగూడలో అలాంటి ఒకాయన ఉన్నాడు. పదవి పోయినా రబ్బరు స్టాంపు వదల్లేదు. పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. జేబు అడుగున ఊదా రంగు మరక, ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. స్టాంపులో 'కార్పొరేటర్' అని బండక్షరాలు. దాని ముందు 'మాజీ' మాత్రం కళ్లద్దాలుంటే తప్ప కనబడదు! రేషన్ కార్డు, పింఛను, బడిలో సీటు, ఏది అడిగినా స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి గుద్దేవాడు. సగం సార్లు పని అయ్యేది కాదు. అయినా పొద్దున్నే గుమ్మంలో జనం. ఎందుకొస్తారని ఒక ముసలమ్మను అడిగాను. "ఎమ్మెల్యే కాయితమిచ్చి పంపిస్తడు బిడ్డా, ఈయన ఎంబడి వస్తడు" అంది.

నువ్వేమో 'అంచెలంచెలుగా ఎదిగాడు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అంచెలు అంత వరసగా ఉండవయ్యా. 1978 అసెంబ్లీ ఎన్నికల్లో మీ ముషీరాబాద్‌లోనే ఇద్దరు కార్మిక నాయకులు తలపడ్డారు. జనతా పార్టీ నుంచి నాయిని నర్సింహారెడ్డి గెలిచారు. ఆల్విన్ కంపెనీలో కార్మికుడిగా మొదలైన అంజయ్య ఓడారు. ఓడినాయన 1980లో ముఖ్యమంత్రి. గెలిచినాయన మధ్యలో కొన్నాళ్లు వేరే శాఖ చూసినా, హోంమంత్రి అయ్యేసరికి 2014 వచ్చింది, రాష్ట్రమే మారిపోయింది. నేను కల్పించి రాసుంటే నువ్వే నమ్మవు.

ప్రమాణ స్వీకారానికి 11 పేజీలు దండగ. అది అందరూ టీవీలో చూసిందే. దాని బదులు టికెట్ తనదేనని పార్టీ చెప్పాక కూడా బీ ఫామ్, అంటే వీడే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం, చేతికందని రాత్రి రాయి. మర్నాడు మధ్యాహ్నం 3 గంటలకు నామినేషన్ల గడువు. ఇంటి ముందు బాజావాళ్లు కూర్చునే ఉంటారు, వాయించమనాలో పొమ్మనాలో ఎవరికీ తెలీదు. ఆ టెన్షన్ నీకు వచ్చు, మూడో అధ్యాయంలో చూశాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా రా, చిలకలగూడ వెళ్దాం. ఆయన 2002లో మళ్లీ నిలబడి ఓడిపోయాడు. ఇప్పుడు చెవి సరిగ్గా వినబడదు, గట్టిగా మాట్లాడాలి. స్టాంపు సంగతి మాత్రం రాగానే ఎత్తకు. చాయ్ తాగాక అడుగు.

మీ అన్న