హా లోయలో కాపురం

ప్రశ్న: మా వారు భారత సైన్యంలో హవల్దారు. భూటాన్‌లోని హా పట్టణంలో ఉన్న మన సైనిక శిక్షణ బృందానికి ఆయనకు బదిలీ అయింది. కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లడానికి అనుమతి కూడా వచ్చింది. మాకు నాలుగేళ్ల బాబు ఉన్నాడు. నేను ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. తెలుగు మాట వినపడని చోట, ఆ చలిలో పసివాడితో అవస్థ ఎందుకని అత్తగారు ఇక్కడే ఉండిపొమ్మంటున్నారు. ఆయన పగలంతా డ్యూటీలో ఉంటే నేను అక్కడ ఏం చేయాలి? చూడదగినవి ఏమున్నాయి?
— ఒక సోదరి, విజయనగరం

జవాబు: తప్పకుండా వెళ్లండి. సరిహద్దు పోస్టులకూ ఎడారి శిబిరాలకూ కుటుంబాలను రానివ్వరు కనుక, సైనికుడి భార్యకు భర్తతో ఒకే ఇంట్లో గడిపే ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే దొరుకుతాయి. వాటిలో రెండేళ్లు మీకు చేతికి అందివచ్చాయి. మీ అత్తగారి బెంగ మనవడి మీది మమకారం కొద్దీ వచ్చినదే. దానిని కొట్టిపారేయకుండా ఆమెకు నచ్చజెప్పండి. మా వారు ఆ బృందంలో పనిచేసినప్పుడు నేనూ ఆ లోయలోనే రెండున్నరేళ్లు కాపురం చేశాను కాబట్టి, ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

హా పట్టణం సముద్రమట్టానికి సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. వెళ్లిన మొదటి మూడు నాలుగు రోజులు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. నల్ల ట్రంకు పెట్టెలు విప్పి ఇల్లు సర్దే పని వాయిదా వేసుకుని, బాబుచేత తరచుగా నీళ్లు తాగిస్తూ విశ్రాంతి తీసుకోండి. వంటింట్లో కూడా ఆ ఎత్తు తెలిసివస్తుంది. అక్కడ నీళ్లు దాదాపు 91 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి, విడి గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. మంచి ప్రెషర్ కుక్కరు, అదనంగా రెండు గాస్కెట్లు, ఏడాదికి సరిపడా చింతపండు ఇంటినుంచే తీసుకువెళ్లండి. నా మొదటి చలికాలంలో ఇడ్లీ పిండి రెండు రోజులైనా పొంగలేదు. పక్క క్వార్టరులోని గఢ్‌వాలీ అక్క వచ్చి, గిన్నెకు పాత కంబళి చుట్టి, బుఖారీకి మూరెడు దూరంలో పీట మీద పెట్టింది. బుఖారీ అంటే గదిని వెచ్చగా ఉంచే కట్టెల పొయ్యి. తెల్లవారి మూత తీసేసరికి పిండి అంచుదాకా పొంగి ఉంది. ఆ రోజు నాలుగు ఇళ్లకు ఇడ్లీలు పంపాను.

పగలంతా ఏం చేయాలన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబుతాను. బయట బడిలో ఉద్యోగం దొరుకుతుందని మీకు ఆశపెట్టలేను. కానీ క్వార్టర్లలోని పిల్లలకు చదువు చెప్పే మనిషి ఎప్పుడూ కావలసిందే. మీ వంటి ఉపాధ్యాయురాలు సాయంత్రం ఒక గంట కేటాయిస్తే తల్లులందరూ సంతోషిస్తారు. రోజూ ఒకసారి బజారుకు నడిచి వెళ్లండి. అక్కడి బడుల్లో బోధన ఇంగ్లీషులోనే సాగుతుంది, హిందీ చాలామందికి అర్థమవుతుంది. అయినా పలకరింపుగా 'కుజు జాంగ్‌పో లా', కృతజ్ఞతగా 'కద్రిన్‌ఛే లా' అన్న రెండు మాటలు వారి భాష జోంగ్‌ఖాలో మీ నోటినుంచి వస్తే ఎదుటివారి ముఖం విప్పారుతుంది. పెద్ద దేశం నుంచి, అందులోనూ సైనిక కుటుంబంగా వచ్చినవాళ్లం మనం. మన బృందం 1960ల ఆరంభం నుంచి అక్కడ ఉందంటే అది వారి ఆదరణ వల్లనే కనుక, ముందుగా తలవంచి పలకరించవలసిన బాధ్యత మనదేనని నేను గట్టిగా నమ్ముతాను.

భోజనం విషయంలో మీకు బెంగ అక్కర్లేదు. మనం మిరపకాయను కారానికి వాడతాం. వారు దానినే కూరగాయగా చేసుకుని, చీజ్‌తో కలిపి 'ఎమా దాత్‌షి' వండుకుంటారు. శరత్కాలంలో పక్క లోయ పారో వైపు వెళితే ఇళ్ల కప్పుల మీద ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనిపిస్తాయి. గుంటూరు జిల్లా కల్లాల మధ్య పెరిగిన నాకు, ఆ ఘాటు ముక్కుకు తగలగానే పుట్టింటికి వచ్చినట్లయింది. హా లోయవారు తమ కొత్త సంవత్సరానికి బక్‌వీట్ పిండితో చేసే 'హోంటే' అనే కుడుములు కూడా తప్పక రుచి చూడండి.

చూడదగిన ప్రదేశాలను మీ ఇంటి దగ్గరనుంచే మొదలుపెట్టండి. టిబెట్ రాజు వదిలిన తెల్ల పావురం, నల్ల పావురం వాలిన చోట్ల కట్టారని చెప్పుకునే లఖాంగ్ కార్పో, లఖాంగ్ నాగ్‌పో ఆలయాలు హాలోనే ఉన్నాయి. టోపీ తీసి, భుజాలు కప్పుకుని, మన గుళ్లలోలాగే కుడివైపుగా ప్రదక్షిణం చేయాలి. ఒకనాడు ఒక వృద్ధ లామా నాది ఏ ఊరని అడిగారు. అమరావతి దగ్గరని చెబితే ఆయనకు తెలియలేదు. దాని పాత పేరు ధాన్యకటకం అనగానే చేతిలోని జపమాలను కళ్లకద్దుకున్నారు. బుద్ధుడు కాలచక్రమనే తంత్ర బోధను ఉపదేశించిన చోటు అదేనని వారి సంప్రదాయం చెబుతుంది. 2006లో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చింది కూడా అందుకే. మన ఊరి విలువ నాకు అంత దూరంలో తెలిసివచ్చింది.

పారోలోని తక్త్‌సంగ్ మఠాన్ని మొదటి నెలలోనే చూసెయ్యాలని తొందరపడకండి. 1692లో కట్టి, 1998లో అగ్నిప్రమాదానికి గురై మళ్లీ నిర్మించిన ఆ మఠం 3,000 మీటర్లకు పైన కొండ చరియకు అంటుకుని ఉంటుంది. పైకి నడవడానికే రెండు మూడు గంటలు పడుతుంది. ఒళ్లు ఎత్తుకు అలవాటుపడ్డాక, బాబును తోటివారి దగ్గర ఉంచి వెళ్లండి. మీ వారి సెలవు చివరి నిమిషంలో రద్దు కావచ్చు కాబట్టి, ఆయనకోసమే ఆగకుండా తోటి భార్యలతో కలిసి బయలుదేరే అలవాటు చేసుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరువవద్దు: యూనిట్ ఆవరణ, వాహనాలు కనిపించే ఫొటోలను ఎవరికీ, బంధువులకు సైతం, వాట్సాప్‌లో పంపకండి.

ప్రశ్న: మా అల్లుడు కూడా భూటాన్‌లోనే ఉన్నాడు. మేమిద్దరం అరవై దాటినవాళ్లం, నాకు మోకాళ్ల నొప్పులు. పది రోజులు ఉండి రావాలంటే ఎప్పుడు వెళ్లాలి, ఏం చూడాలి?
— ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: ఆధార్ కార్డు చెల్లదు, పాస్‌పోర్టు గాని ఓటరు గుర్తింపు కార్డు గాని వెంట ఉండాలి. భారతీయ పర్యాటకులు తలకు రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలన్న నిబంధన 2022లో అమలులోకి వచ్చింది. సైనిక కుటుంబాల బంధువులకు ఏది వర్తిస్తుందో అల్లుడిచేత యూనిట్‌లో అడిగించి, ఆ తరువాతే టిక్కెట్లు కొనండి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. చలికాలంలో హాకూ పారోకూ మధ్యనున్న చెలె లా కనుమ మంచుతో మూసుకుపోవచ్చు.

మీరు తక్త్‌సంగ్ ఎక్కే ఆలోచన మానుకోండి. కింద లోయనుంచి చూసినా అది కనిపిస్తుంది. కారులోనే చేరుకోగల పునాఖాకు రెండు రోజులు కేటాయించండి. ఫో ఛూ, మో ఛూ నదులు కలిసే చోట 17వ శతాబ్దంలో కట్టిన కోట అక్కడ ఉంది. హా కంటే చాలా దిగువన ఉండడం వల్ల మీ మోకాళ్లకు అక్కడి వెచ్చదనం హాయిగా ఉంటుంది. దారిలో దోచులా కనుమ దగ్గర దిగండి. 2003లో తమ దక్షిణ అడవుల్లో స్థావరాలు వేసుకున్న భారతీయ తిరుగుబాటుదారులను తరిమే పోరులో అమరులైన భూటాన్ సైనికుల స్మృతికి అక్కడ 108 స్తూపాలు నిలిపారు. మన బృందం శిక్షణ ఇచ్చేది ఆ సైన్యానికే. మీ అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని ఆ స్తూపాల చుట్టూ ఒక్కసారి నడవండి.