అమ్మానాన్నల కోసం ఇంట్లోనే ఉండే పనిమనిషిని పెట్టాలనుకుంటున్నాం, కానీ వృద్ధుల హత్యల వార్తలు చూస్తే భయమేస్తోంది. పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. మేమూ పెట్టుకున్నాం. కాకపోతే అంతకుముందు మా వీధిలో ఒకటి జరిగింది, అది చెప్తే మేం ఏం చూసుకున్నామో, ఎందుకు చూసుకున్నామో మీకే అర్థమవుతుంది.

గుంటూరులో మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక మామ్మగారు ఉండేవారు. 78 ఏళ్లు, భర్త పోయారు, కొడుకు అమెరికాలో. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే కొడుకు వచ్చి ఆపరేషన్ చేయించి, నెలన్నర ఉండి, వెళ్లేముందు ఒక ఏజెన్సీ ద్వారా రాత్రింబవళ్లు ఉండే అమ్మాయిని పెట్టి వెళ్లాడు. పాతికేళ్లుంటాయేమో. మాట నెమ్మది, మామ్మగారికి జడ కూడా తనే వేసేది. మంచి పిల్ల దొరికిందని వీధంతా అనుకున్నాం. నలభై రోజులు గడిచాయో లేదో, ఓ పొద్దున పాచిపనికి వచ్చిన ఆవిడ గ్రిల్ తలుపు తీసి ఉందేమిటా అని లోపలికెళ్లి, బయటికొచ్చి అరుగు మీద కూలబడిపోయింది. మా నాన్న వెళ్లి చూశారు. మొహం మీద దిండు. ఇంక ఆ సంగతి వదిలేస్తాను.

రాత్రి ఇంకొకతను వచ్చాడట, ఆ అమ్మాయికి తెలిసినవాడే, గడియ తీసింది తనే. సీసీ కెమెరా ఉంది గానీ దాని రికార్డింగ్ పెట్టె (డీవీఆర్) టీవీ కిందే ఉండేది, వెళ్తూ వెళ్తూ దాన్నీ పట్టుకుపోయారు. ఏజెన్సీ ఇచ్చిన ఆధార్ జిరాక్స్‌లో ఫొటో ఒట్టి నల్ల మరక, అందులోని అడ్రస్‌లో ఆ పేరు గలవాళ్లే లేరు. గొలుసు తాకట్టు కొట్టుకి తీసుకెళ్లి దొరికిపోయారు.

నా మనసులో తిరుగుతున్నది మాత్రం బీరువా. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు వంగలేరు, నాలుగడుగులు వెయ్యాలన్నా వాకర్ ఉండాలి, కాబట్టి పాలవాడికి డబ్బులన్నా, మందులకన్నా, పండక్కి గాజులన్నా తాళాలు ఆ అమ్మాయికిచ్చి తీయించేవారు. అది ఆవిడ తప్పంటే నేనొప్పుకోను, తీసిచ్చేవాళ్లు ఇంకెవరున్నారు? నగలు బ్యాంకు లాకర్లో పెట్టి వెళ్లడం కొడుక్కి గంట పని. ఈ మాట నేననడం లేదు, మా అమ్మకి ఫోన్ చేసినప్పుడల్లా అతనే అంటాడు.

ఇంకో సంగతి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. మొదటి రెండు రోజులూ పోలీసులు స్టేషన్లో కూర్చోబెట్టింది పాచిపని ఆవిడని. పదకొండేళ్లుగా అందరిళ్లల్లో చేస్తున్న మనిషి. "దానికి తెలియకుండా ఉంటుందా" అని వీధిలో సగం మంది అన్నారు, మా అమ్మతో సహా. నిజం తేలాక ఇద్దరు ముగ్గురు వెళ్లి పిలిచారు కూడా. ఆవిడ మళ్లీ మా వీధిలో అడుగు పెట్టలేదు.

డబ్బు కోసమే అన్నీ జరుగుతాయనీ కాదు. 2019లో ఢిల్లీ గ్రేటర్ కైలాశ్‌లో 91 ఏళ్ల రిటైర్డ్ అధికారికి ఇంట్లో పనివాడే మత్తుమందు ఇచ్చి, ఆయన్ని ఫ్రిజ్‌లో పెట్టి టెంపోలో తరలించాడు, ఆయన చనిపోయారు, గుర్తుందా? ఊరికే తిడుతున్నాడని కక్ష పెంచుకున్నాడని పోలీసులు చెప్పారు. అది హత్యకి సాకు కాదు, నిజమే. కానీ మా అమ్మకి నోరెక్కువ, అందుకని ఈ కేసు చదివి వినిపించాను. నన్నే తిట్టింది.

నాన్నకి పక్షవాతం వచ్చాక మనిషి తప్పనిసరైంది. ముందు నగలు లాకర్‌కి పంపేశాం, ఆ సంగతి వచ్చే మనిషికి తెలిసేలా అతని ముందే మాట్లాడుకున్నాం. ఆధార్ ఒక్కటే నమ్మకుండా అతను అంతకుముందు చేసిన రెండిళ్లకి ఫోన్ చేశాం, ఒకింటికి మా తమ్ముడు స్వయంగా వెళ్లొచ్చాడు (ఈ ఒక్క పనీ చేసినా సగం టెన్షన్ పోతుంది, నన్నడిగితే). ఫొటో, ఫోన్ నంబరు స్టేషన్లో ఇచ్చాం. రైటర్ విసుక్కున్నాడు గానీ తీసుకున్నాడు. కెమెరా రికార్డింగ్ ఇప్పుడు ఇంట్లో పెట్టెలో కాకుండా ఇంటర్నెట్ ద్వారా క్లౌడ్‌లోకి వెళ్తుంది. రాత్రి గ్రిల్ తాళంచెవి అమ్మ దగ్గరే. అతనికి ఆదివారం సెలవు, జీతం ఒకటో తారీఖునే, ఏజెన్సీ చేతికి కాదు, నేరుగా అతని ఖాతాలోకి. పెద్దవాళ్లకి ఏ సలహా కావాలన్నా 14567 హెల్ప్‌లైన్ ఉంది, అర్ధరాత్రి ఏదైనా అయితే మాత్రం 112కే చెయ్యాలి. ఈ రెండూ గోడ మీద పెద్ద అంకెల్లో రాసిపెట్టాం.

అన్నిటికన్నా మేం గట్టిగా పట్టుకున్నది పొద్దున ఏడింటికి మేం ఇంటికి చేసే ఫోన్. అమ్మ ఎత్తాలి, నాన్న "ఊ" అనాలి. ఏడుంపావు దాకా ఎత్తకపోతే పక్కింటాయన వెళ్లి చూడాలి. ఇప్పటిదాకా ఒక్కసారే అలా అయింది, ఆయన కంగారులో గోడ దూకేశారు. తీరా చూస్తే ఛార్జింగ్ అయిపోయిందట. ప్యాంటు చిరిగింది పాపం, కొత్తది కొనిచ్చాం.