ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ కొత్త బఫర్ ఎందుకు?

"మా నెట్‌వర్క్ డ్రైవర్‌లో రిసీవ్ వైపు సీపీయూ అంతా పేజీల కేటాయింపుకే పోతోంది, బఫర్లు మళ్లీ వాడితే లాభమా?" అని అడిగారు. తప్పకుండా లాభమే. బఫర్ అంటే వచ్చిన ప్యాకెట్‌ను పెట్టుకునే మెమరీ చోటు, దాన్ని పేజీ అనే మెమరీ ముక్కలోంచి తీసుకుంటారు. 10 గిగాబిట్ లింకులో 64 బైట్ల ప్యాకెట్లు నిండుగా వస్తుంటే ఒక్కోదానికి దక్కేది సుమారు 67 నానోసెకన్లు. అంతలో కొత్త పేజీ తెచ్చి, డీఎంఏ మ్యాపింగ్ (నెట్‌వర్క్ కార్డు నేరుగా ఆ పేజీలో రాయగలిగేలా అడ్రస్ ఇవ్వడం) చేసి, పనయ్యాక దాన్ని తీసేయడం కుదరని పని. ఐఓఎంఎంయూ (కార్డు ఏ మెమరీని తాకొచ్చో అదుపు చేసే హార్డ్‌వేర్) ఆన్‌లో ఉంటే ఆ మ్యాపింగే పెద్ద భారం. అందుకే మ్యాపింగ్ తీయకుండా పేజీని పూల్‌లోనే, అంటే మళ్లీ వాడే పేజీల నిల్వలోనే ఉంచండి. లినక్స్ కెర్నల్‌లో 4.18 వెర్షన్ నుంచి ఇందుకోసం పేజ్ పూల్ అనే రెడీమేడ్ కోడ్ ఉంది, సొంతంగా రాసుకోకండి.

ఇక్కడ బెంగళూరు దర్శినీల్లో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటళ్లలో) స్టీలు ప్లేటు కడిగి మళ్లీ ఇడ్లీ పెడతారు కదా, అదే పద్ధతి. కాకపోతే ఒకరు ఇంకా తింటున్న ప్లేటు లాక్కోకూడదు. నేను ఒకసారి రిఫరెన్స్ కౌంట్ (పేజీని ఎంతమంది వాడుతున్నారనే లెక్క) చూడకుండా పేజీని తిరిగి రింగులో, అంటే కార్డు కొత్త ప్యాకెట్లు నింపే బఫర్ల వరుసలో పెట్టాను. డ్రైవర్ పైనున్న నెట్‌వర్క్ లేయర్ ఇంకా చదువుతున్న డేటా మీద కొత్త ప్యాకెట్ వచ్చి పడింది. కారణం దొరికేదాకా రెండు రోజులు ఒకటే టెన్షన్. పేజీ మీద కౌంట్ 1 ఉంటేనే, అంటే డ్రైవర్ తప్ప ఇంకెవరూ దాన్ని పట్టుకుని లేకపోతేనే, మళ్లీ వాడండి. కార్డుకు తిరిగి ఇచ్చే ముందు డీఎంఏ సింక్ (సీపీయూ, కార్డు రెండూ మెమరీలో ఒకే డేటా చూసేలా చేయడం) మరిచిపోవద్దు.