పాఠకుల ప్రశ్నలు: ఖాళీ తెర ముందు మొదటి వరుస తోచడం లేదు

ప్రశ్న: బీకాం చదివి, మిర్చి నిల్వచేసే ఒక శీతల గిడ్డంగిలో రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోకి మారాలన్న కోరికతో ఎనిమిది నెలలుగా రాత్రిపూట పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వీడియో పాఠాలు చూస్తున్నాను. మూడు కోర్సులు పూర్తయ్యాయి, మూడు సర్టిఫికెట్లూ వచ్చాయి. పాఠం చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది కానీ, వీడియో ఆపి కూర్చుంటే మొదటి వరుస కూడా తోచదు. స్నేహితులు జావాకు మారమంటున్నారు. నాన్నగారు అప్పు చేసైనా అమీర్‌పేటలో కోచింగ్ ఇప్పిస్తానంటున్నారు. ఇది నాకు రాని విద్యేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: రాని విద్య కాదు. ఇంతవరకు మీరు ఇతరులు రాసిన కోడ్‌ను చదివారు, సొంతంగా రాయడం ఇంకా మొదలుపెట్టలేదు. డెబిట్, క్రెడిట్ సూత్రాలు తరగతిలో విన్నప్పుడు అర్థమయ్యే ఉంటాయి. కానీ ట్రయల్ బ్యాలెన్స్ కుదరక మీరు ఒక సాయంత్రమంతా పద్దులు వెతికిన రోజున కదా అవి చేతికి వచ్చింది. ప్రోగ్రామింగ్ కూడా అలాగే వస్తుంది.

భాష మార్చకండి. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన జావాకు బ్యాంకుల్లోను, బీమా సంస్థల్లోను ఈనాటికీ గట్టి స్థానం ఉన్నమాట నిజమే. అయినా ఒక భాషలో చేయి తిరిగినవారికి రెండోది నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. రెండింటినీ సగం సగం నేర్చుకున్నవారికే ఏదీ అక్కరకు రాదు. మీరు చూస్తున్న పాఠం పైథాన్ 3కి చెందినదో కాదో మాత్రం సరిచూసుకోండి. పైథాన్ 2కు అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ప్రింట్ అన్న మాట తర్వాత కుండలీకరణాలు లేకుండా నేర్పే పాఠం ఆ పాత కాలానిది.

మీ దగ్గర చాలామంది విద్యార్థులకు లేని ఆస్తి ఒకటుంది: మీకు బాగా తెలిసిన ఒక పని. గిడ్డంగిలోకి ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, ఎన్ని తీసుకెళ్లాడు, ఎన్ని మిగిలాయి, అద్దె ఎంత అయింది అన్న లెక్కను ప్రోగ్రాంగా రాయండి. పది వరుసల ఉత్తుత్తి వివరాలను ఎక్సెల్‌లో రాసి, సీఎస్‌వీ (విలువల మధ్య కామాలు ఉండే) ఫైలుగా దాచి, దాన్ని చదివి ఒక రైతు మిగులు టిక్కీలను చూపించడమే మొదటి వారం పని.

ఆ చిన్న పనిలోనే మీకు అసలు పాఠాలు ఎదురవుతాయి. ఫైలు నుంచి చదివిన అంకెలు పైథాన్‌కు అక్షరాలుగానే అందుతాయి కాబట్టి, 40కి 15 కలపమంటే 55 బదులు 4015 వస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు, ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది, లెక్క మాత్రం తప్పు. అద్దె దగ్గరికి వచ్చేసరికి మరొకటి: యంత్రం దశాంశ సంఖ్యలను ద్విసంఖ్యా రూపంలో దాచుకుంటుంది కనుక 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని చూపిస్తుంది. అందుకే డబ్బును పైసల్లో పూర్ణసంఖ్యగా దాచుకోవాలి, లేదా పైథాన్‌లో సిద్ధంగా ఉన్న డెసిమల్ అనే మాడ్యూల్ (కోడ్ భాగం) వాడుకోవాలి. ఇటువంటివి వీడియోలో చూస్తే మరునాటికి మరిచిపోతాము. మన లెక్క మనకే తప్పిపోయినప్పుడు తెలుసుకున్నది చాలాకాలం గుర్తుంటుంది.

ఎర్రర్ వచ్చినప్పుడు కంగారుపడి మొత్తం చెరిపేయకండి. పైథాన్ చూపించే ఆ పొడవైన సందేశాన్ని చివరి వరుస నుంచి పైకి చదవాలి. చివరి వరుసలో తప్పు ఏ రకానిదో ఉంటుంది, దానికి కొంచెం పైన ఏ ఫైలులో, ఎన్నో వరుసలో జరిగిందో ఉంటుంది. ప్రోగ్రాం నడిపే ముందు ఏ జవాబు వస్తుందో కాగితం మీద రాసుకోండి. మీరు రాసుకున్నదానికీ తెర మీద కనిపించినదానికీ తేడా వచ్చినచోటే మీకు తెలియని సంగతి ఉంటుంది.

రెండు మూడు నెలలకు మీ ప్రోగ్రాం తానే తర్వాతి పాఠాన్ని అడుగుతుంది. ఒకే ఊళ్లో ఒకే పేరుగల రైతులు ఇద్దరు ఉంటే ఇద్దరి టిక్కీలూ కలిసిపోతాయి. అప్పుడు ఒక్కొక్కరికి ఒక ఖాతా సంఖ్య కావాలని మీకే తోస్తుంది, డేటాబేస్ పాఠాల్లో ప్రైమరీ కీ అనేది దాన్నే. పైథాన్‌తో పాటే వచ్చే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో, పట్టికల్లోని వివరాలను అడిగే భాష ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టి, రెండు పట్టికలను కలిపే జాయిన్‌ను, ఊరివారీగా మొత్తాలు తీసే గ్రూప్ బైను చేతికి తెచ్చుకోండి. టిక్కీలు బయటికి వెళ్లినట్టు రాసి, అద్దె జమ రాసేలోపు కరెంటు పోతే ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి. రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు అన్న ఆ పూచీకే ట్రాన్సాక్షన్ అని పేరు. గిడ్డంగి గుమాస్తాకు ఇది వెంటనే బోధపడుతుంది. లెక్కల పుస్తకం ఎరుగని ఇంజినీరింగ్ విద్యార్థికి విడమరచి చెప్పవలసి వస్తుంది.

దీని తర్వాత పైథాన్‌తో వెబ్‌సైట్లు తయారుచేసే ఫ్లాస్క్ గానీ జాంగో గానీ నేర్చుకుని అదే ప్రోగ్రాంను బ్రౌజర్‌లో నడిచేలా చేయవచ్చు. లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్‌ను మాత్రం అంతవరకు ఆగకుండా మొదటి వారం నుంచే వాడండి. ఏ రోజు ఏం మార్చారో, ఎందుకు మార్చారో అందులో నిలిచి ఉంటుంది. కోడ్‌ను పదిమందికీ చూపించే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు రైతుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు, మీ యజమాని లెక్కలు ఒక్కటి కూడా అందులోకి వెళ్లకూడదు.

డేటా స్ట్రక్చర్స్ (వివరాలను అమర్చే పద్ధతులు), ఆల్గరిథమ్స్ (లెక్కను తేల్చే పద్ధతులు) ఇంటర్వ్యూల్లో తప్పక అడుగుతారు. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ పైథాన్‌తో చెప్పిన పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉచితంగా దొరుకుతాయి, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే రుసుము. వరుసలో అమర్చిన 10 లక్షల పేర్లలో ఒక పేరు ఉందో లేదో, ప్రతిసారీ సగం పేర్లను వదిలేస్తూ, 20 పోలికల్లో తేల్చవచ్చని మీ చేత్తో రాసి చూసుకుంటే, ఈ విషయం పట్ల ఉన్న భయం చాలావరకు పోతుంది.

కృత్రిమ మేధ సాధనాలు అడిగిన కోడ్ రాసిస్తున్నాయి కదా అని మీకు అనిపించవచ్చు. మొదటి ఆరు నెలలు వాటిని కోడ్ రాసిపెట్టమని అడగకండి, మీకు వచ్చిన ఎర్రర్‌ను వివరించమని అడగండి. 4015 తప్పని గుర్తుపట్టే చూపు మీకు వచ్చాక వాటి సాయం నిజంగా ఉపయోగపడుతుంది.

ఇక కోచింగ్ సంగతి. అప్పు ఇప్పుడే వద్దని నాన్నగారికి నచ్చజెప్పండి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సంస్థల్లో మంచి ఉపాధ్యాయులు లేకపోలేదు. కానీ “నేను రాసిన కోడ్‌ను వారానికి ఒకసారైనా ఎవరు చదివి దిద్దుతారు?” అని మీరు అడిగినప్పుడు సూటిగా జవాబు రాని చోట డబ్బు కట్టవద్దు. రోజుకు గంటన్నర చొప్పున రాస్తే మీకు దాదాపు ఏడాది పట్టవచ్చునని నా అంచనా. నేను ఇంటర్వ్యూలు చేసినప్పుడు అభ్యర్థి ప్రోగ్రాంనే తెరిపించి, అందులో ఒక చిన్న మార్పు చేయమనేవాణ్ని. సొంతంగా రాసినవారు ఏ ఫైలు తెరవాలో వెంటనే చెప్పేవారు. ఆ స్థితికి వచ్చిన రోజున దరఖాస్తులు పంపడం మొదలుపెట్టండి; ఉద్యోగం చేతికి వచ్చేదాకా ఇప్పటి కొలువు వదలకండి.

ప్రశ్న: డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లీషు అంతంతమాత్రం. ప్రోగ్రామింగ్ తెలుగులో నేర్చుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: ఆలోచన తెలుగులోనే చేయండి. పైథాన్‌లో మీరు తప్పనిసరిగా గుర్తుంచుకోవలసిన కీలక పదాలు 35 మాత్రమే. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు (విలువలకు మనం పెట్టుకునే పేర్లు) తెలుగు లిపిలో పెట్టుకున్నా చెల్లుతుంది. సాధనకు అది బాగానే ఉంటుంది. ఉద్యోగంలో మాత్రం పక్కవారు కూడా చదవాలి గనుక ఇంగ్లీషు పేర్లే వాడాలి. మీకు ముందుగా కావలసింది ధారాళంగా మాట్లాడటం కాదు, ఎర్రర్ సందేశాలను, అధికారిక పత్రాలను చదవగలగడం. రోజుకు ఒక పేజీ చదివి, తెలియని మాటలను ఒక పుస్తకంలో రాసుకోండి. కొన్ని వారాల్లోనే అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని గమనిస్తారు.

ఒక సరదా పరీక్ష చేసి చూడండి. అమ్మ అన్న మాట పొడవెంత అని పైథాన్‌ను అడిగితే 4 అంటుంది. మనకు కనిపించేవి రెండక్షరాలే. కానీ కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో అ, మ, పొల్లు, మళ్లీ మ. తెలుగు అన్న మాటకు 6 వస్తుంది, ఎందుకంటే ప్రతి గుణింతపు గుర్తుకూ ప్రత్యేకంగా ఒక స్థానం ఉంది. ఆ మాటను తిరగేయమంటే గుర్తులు హల్లుల కంటే ముందుకు వచ్చి అక్షరాలు చెదిరిపోతాయి. పేరుకు ఇన్ని అక్షరాలే అని హద్దు పెట్టే దరఖాస్తులు తెలుగు పేర్లను మధ్యలో తుంచేయడానికి ఇటువంటి లెక్కే కారణం కావచ్చు. ఆ లోపాన్ని చూడగానే పట్టుకోగలిగేది మన అక్షరాలు తెలిసినవారే కాబట్టి, మీ తెలుగును లోటుగా తలచకండి.

ప్రశ్న: బీటెక్ పూర్తయి రెండేళ్లయింది, ఉద్యోగం రాలేదు. డబ్బు కడితే మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు ఇచ్చి ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ చెబుతోంది. మిత్రులిద్దరు కట్టేశారు. నేనూ కట్టమంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: కట్టవద్దు. మీ బాధ నాకు అర్థమవుతోంది, ఇంట్లోవారు రోజూ అడుగుతూ ఉంటే రెండేళ్లు నెట్టుకురావడం తేలిక కాదు. అయినా ఈ దారిలో పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఉద్యోగం ఇచ్చిన సంస్థలు నేపథ్య విచారణ చేయిస్తాయి. భవిష్య నిధి సంస్థ 2014 నుంచి ఇస్తున్న యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని సంఖ్య) ఖాతాలో ఎవరు ఎక్కడ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారో నమోదై ఉంటుంది, దానితోపాటు జీతం జమైన బ్యాంకు ఖాతా వివరాలు, జీతంలో కోసిన పన్ను చూపే ఆదాయపు పన్ను పత్రం కూడా అడుగుతారు. చేరిన ఆరు నెలలకు బయటపడినా ఉద్యోగం పోతుంది, ఆ మచ్చ ఆ సంస్థ రికార్డుల్లో మిగులుతుంది. విచారణ దాటినా, మూడేళ్ల అనుభవం ఉన్నవారికి ఇచ్చే పనిని మొదటి వారంలోనే మీ ముందు పెడతారు.

ఆ రెండేళ్ల ఖాళీని దాచకండి. పై సమాధానంలో చెప్పినట్టు మీకు తెలిసిన ఒక పనిని, అది మీ వీధిలోని మందుల దుకాణం నిల్వల లెక్కయినా సరే, ప్రోగ్రాంగా రాసి, దుకాణదారు చేత రెండు నెలలు వాడించి, ఆయన చూపిన లోపాలను దిద్ది, ఆ సంగతంతా రెజ్యూమెలో నాలుగు వరుసల్లో నిజాయితీగా రాయండి. మొదట పెద్ద సంస్థలనే పట్టుకుని కూర్చోక, చిన్న సంస్థల్లో టెస్టింగ్, సపోర్టు ఉద్యోగాలకు కూడా దరఖాస్తు చేయండి. కన్సల్టెన్సీకి ఇప్పటికే బయానా ఏమైనా ఇచ్చి ఉంటే రశీదు, సందేశాలు భద్రపరిచి, డబ్బు వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. మీ అసలు సర్టిఫికెట్లను మాత్రం ఏ పరిస్థితిలోనూ వారి చేతికి ఇవ్వకండి.