స్కూల్ పోటీల్లో గ్రూపు క్లాసును బట్టా, వయసును బట్టా?

ఎనిమిదో క్లాసు పాప కబడ్డీ ఏ గ్రూపులో ఆడాలని అడిగారు కదా, క్లాసు కాదండీ, వయసే చూస్తారు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో అండర్-14, అండర్-17, అండర్-19 అని పుట్టిన తేదీని బట్టే విడదీస్తారు. హైదరాబాద్ జిల్లా జట్టుకి ఆటగాళ్లను విడివిడిగా ఎంపిక చేస్తారు కాబట్టి స్కూల్ టీమ్ ఓడినా బాగా ఆడిన పిల్లకి అవకాశం ఉంటుంది, ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. బోనఫైడ్, బర్త్ సర్టిఫికెట్ ముందే సరిచూసుకోండి. ఓసారి సెలక్షన్స్‌లో షూ లేసులు బిగించుకుని వరుసలో నిలబడ్డ అమ్మాయిని, ఫొటో మీద స్కూల్ స్టాంపు లేదని పక్కన కూర్చోబెట్టారు, వాళ్ల పీఈటీ సార్ ఆటో ఎక్కి స్కూలుకి పరిగెత్తారు. నాకింకా బాధే.