స్థలం రాసివ్వకపోతే అయ్యగారికి ఎదురు తిరిగినట్టేనా?

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లె. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. మా మందిరాన్ని ఆనుకుని ఆయన పేరున పది సెంట్ల కొబ్బరితోట ఉంది. ఉపవాస కూడికలో మా పాస్టరు అయ్యగారు "మందిరం పెంచడానికి స్థలం ఎవరిస్తారు?" అని అడిగితే ఏడుపు ఆగక చెయ్యెత్తేశాను. ఆ రాత్రే ఫోన్లో చెబితే మా ఆయన ససేమిరా అన్నారు. ఇప్పుడు అయ్యగారు "నాయకులకు లోబడమని హెబ్రీ 13:17లో ఉంది, అననీయ సప్పీరాల గతి తెలుసుగా" అంటున్నారు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) నాకు ఆపుతానని, డిసెంబరులో మా అమ్మాయి పెళ్ళి చెయ్యనని అంటున్నారు. దేవుడికి ఎదురు తిరిగినదాన్ని అవుతానా?

జవాబు: అవరు చెల్లెమ్మా. అలాగని ఆ వాక్యాన్ని పక్కన పెట్టెయ్యమనీ అనం. హెబ్రీ 13:17 పూర్తిగా చదవండి. నాయకులు మీ ఆత్మలను కాస్తున్నారని, దానికి దేవుడికి లెక్క చెప్పాలని ఉంది. బోధ విషయంలో, నడవడి విషయంలో అయ్యగారు మందలిస్తే వినాలి. ఇంట్లో గొడవ పెట్టుకుని ఆరు నెలలు మందిరం మానేస్తే వచ్చి అడిగే హక్కు ఆయనకుంది. ఆస్తి ఎవరికి రాయాలో చెప్పే అధికారం మాత్రం ఆ వాక్యం ఎవరికీ ఇవ్వలేదు. మందమీద దొరతనం చెయ్యకూడదని, లాభాపేక్షతో కాయకూడదని 1 పేతురు 5లో కాపరులకే హెచ్చరిక ఉంది.

పొలం అమ్మిన డబ్బు విషయంలో అననీయ, అతని భార్య సప్పీరా పడి చచ్చిన కథ చెప్పి భయపెట్టడం మన కూడికల్లో మామూలైపోయింది. అపొస్తలుల కార్యములు 5:4 మాత్రం చదవరు. అమ్మకముందు ఆ పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ చేతిలోనే ఉంది కదా అని పేతురే అన్నాడు. అననీయ తప్పు పొలం ఇవ్వకపోవడం కాదు, కొంత దాచుకుని అంతా ఇచ్చానని అబద్ధమాడడం. మీరేదీ దాచలేదు, "మా ఆయన ఒప్పుకోలేదు" అని ఉన్నమాటే చెప్పారు.

చెయ్యెత్తిన సంగతి తేలిక మాటేమీ కాదు, మీ మనసుకు ముల్లులా ఉండేదీ అదే. మొక్కుబడి తీర్చమని ప్రసంగి 5 అంటుంది. అయితే సంఖ్యాకాండం 30 ప్రకారం భార్య మొక్కు విన్న రోజే భర్త వద్దంటే ఆమె మీద దోషం లేదు. మీ ఆయన ఆ రాత్రే వద్దన్నారు. దేవుడికి ప్రతిష్ఠించిన పొలాన్ని కూడా వెల కట్టి, దానికి ఐదో వంతు కలిపి విడిపించుకోవచ్చని లేవీయకాండం 27లో ఉంది. అవి పాత నిబంధన కట్టడలే. అయినా తొందరపడి అన్న మాట ఇంటిల్లిపాదినీ ముంచకూడదన్న జాలి వాటిలో కనిపిస్తుంది. పైగా ఆ తోట మీది కాదు, ఆయనది. లేనిదాన్ని మొక్కుకున్నట్టే.

ఇక కాగితాల సంగతి. నోటిమాటతో స్థలం ఎవరికీ వెళ్ళదు. ఆస్తి బదిలీ చట్టం 1882 ప్రకారం స్థలాన్ని దానంగా ఇవ్వాలంటే గిఫ్టు దస్తావేజు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు చెయ్యాలి. రిజిస్టరయ్యాక మనసు మారిందని వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. మీ దగ్గర మీ ఆయన ఇచ్చిన పవరాఫ్ అటార్నీ ఉన్నా, దానమిచ్చే అధికారం అందులో విడిగా రాసి ఉండకపోతే మీ సంతకం చెల్లదు. "చూసి ఇస్తాం" అన్నా ఒరిజినల్ దస్తావేజు ఇవ్వొద్దు. ఖాళీ స్టాంపు కాగితం మీద, తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు.

మీ ఉత్తరంలో లేని ప్రశ్న ఒకటుంది: దస్తావేజు ఎవరి పేరున రాయమంటున్నారు? రిజిస్టరైన సొసైటీ పేరునో, ట్రస్టు పేరునో అయితే అది సంఘం ఆస్తి. అయ్యగారి సొంత పేరున అయితే అది ఆయన ఆస్తి, ఆయన తరవాత ఆయన పిల్లలది. ఏ పెద్ద మిషన్‌కీ చెందని విడి సంఘాల్లో తగువులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. రేపు మీ ఆయన మనసు మార్చుకుని ఇస్తానన్నా సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం, కమిటీ సభ్యుల పేర్లు చూడకుండా ఇవ్వకండి.

అయ్యగారితో మాట్లాడేటప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మంలో నిలబడి కాదు, వారం మధ్యలో వాళ్ళింటికి వెళ్ళండి. మీ ఆడపడుచునో, సంఘంలో ఒక పెద్ద జంటనో తీసుకెళ్ళండి. మాట పొట్టిగా ఉండాలి: "అయ్యగారూ, ఆవేశంలో చెయ్యెత్తాను. స్థలం మా ఆయనది, ఆయన ఇవ్వనన్నారు. నా తొందరపాటుకు క్షమించండి. కూడికలప్పుడు తోటలో పందిరి వేసుకోండి, మా ఆయన సరేనన్నారు." పందిరి మాట మీ ఆయన్ని ముందే అడిగి ఉంచుకోండి. అంతకుమించి సంజాయిషీ ఇవ్వకండి, ప్రతి కారణానికీ ఓ వాక్యం తిరిగొస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టొద్దు.

"అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అనే మాట రావచ్చు. తనను చంపాలని తరుముతున్న రాజు సౌలు దేవుడి అభిషిక్తుడని దావీదు అతని మీద చెయ్యి వెయ్యలేదు, నిజమే. కానీ 1 సమూయేలు 24లో అదే దావీదు, సౌలు అంగీ నుంచి కోసిన చెంగు చేతపట్టుకుని, సౌలు సైన్యం వినేలా "నావల్ల తప్పేముంది?" అని అడిగాడు. అడిగాక సౌలు వెంట వెళ్ళిపోలేదు, తన దారిన కొండకెళ్ళాడు.

బల్ల ఆపుతానంటే ఏ పాపానికో చెప్పమని సాక్షుల ముందే అడగండి. బల్ల ఆపడం పశ్చాత్తాపం లేని పాపానికి. స్థలం ఇవ్వకపోవడం 1 కొరింథీ 5లోని పాపాల జాబితాలో లేదు. సంఘంలో పెద్దలుంటే వాళ్ళ దగ్గరకు వెళ్ళండి. పౌలు ప్రతి సంఘానికీ పెద్దల్ని ఏర్పరచింది ఇలాంటి వాటికే. పందొమ్మిదో శతాబ్దంలో నర్సాపురం వచ్చిన మిషనరీల వల్ల పుట్టిన బ్రదరెన్ సంఘాల్లో ఇప్పటికీ నడిపించేది ఒక్కరు కాదు, పెద్దల గుంపు. మీకు పెద్దలు లేకపోతే మండలంలో అయ్యగారు గౌరవించే పాస్టరు ఒకరిని మధ్యవర్తిగా పిలవండి. అదీ కుదరక పల్పిట్ మీదనుంచి మీ పేరెత్తి తిట్టడం మొదలైతే వేరే సంఘానికి మారండి. పదిమందిని వెంటేసుకుని వెళ్ళొద్దు.

పెళ్ళికి అంత దిగులక్కర్లేదు. క్రైస్తవ వివాహ చట్టం 1872 కింద లైసెన్సు ఉన్న పాస్టరు ఎవరైనా చెయ్యొచ్చు. అసలు మీ అయ్యగారికి ఆ లైసెన్సు ఉందో లేదో కనుక్కున్నారా? లేకుంటే సర్టిఫికెట్ దగ్గర, రేపు అల్లుడు గల్ఫ్ వెళితే అమ్మాయి వీసా దగ్గర చిక్కే. ఎవరూ దొరక్కపోతే ప్రత్యేక వివాహ చట్టం ఉంది, దానికి 30 రోజుల నోటీసు కావాలి. డిసెంబరు పెళ్ళికి అక్టోబరు చివరికల్లా నోటీసు ఇచ్చేస్తే మంచిది. ఈ ఏర్పాటు సంగతి వియ్యాలవారికి ఊళ్ళోవాళ్ళు చెప్పకముందే మీ నోటితో చెప్పండి.