పెరట్లో చెట్టు మీద ఇల్లు: అప్పు చేసి కట్టాలా?

ప్రశ్న: మాది అనకాపల్లి. నేను పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో, మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాం. ఇద్దరికీ కలిపి నెలకు 82,000 చేతికొస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 24,000, ఇంటి ఖర్చులు, పిల్లల చదువు కలిపి 38,000, ఇన్సూరెన్సులు 3,000, పాప సుకన్య సమృద్ధి ఖాతాకు 5,000. బ్యాంకులో 1,10,000 ఉంది. పాపకు 9 ఏళ్లు, బాబుకు 6. పెరట్లో ఉన్న పెద్ద మామిడి చెట్టు మీద చెక్క ఇల్లు కట్టమని ఏడాదిగా అడుగుతున్నారు. ఒక సంస్థ 3 లక్షలు అవుతుందని చెప్పింది. పర్సనల్ లోన్ తీసుకుని, మూడేళ్లు సుకన్య ఆపేస్తే సరిపోతుందనుకుంటున్నాను. హోమ్ లోన్ మీద టాప్‌అప్, అంటే అదే లోన్‌కు కలిపి అదనపు అప్పు కూడా ఇస్తామంటున్నారు. చిన్నప్పుడు నేనేమీ అడగలేదు, అడిగినా వచ్చేది కాదు. నా పిల్లలకు ఆ లోటు ఉండకూడదు. ఏది మంచిది?

జవాబు: మీ లెక్కలన్నీ చదివాక చివరి రెండు మాటల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అందుకే వద్దని చెప్పను. కట్టండి. కానీ 3 లక్షల ఇల్లు వద్దు, అప్పు చేసి అసలే వద్దు.

ముందు పర్సనల్ లోన్ సంగతి. 14 శాతం వడ్డీకి 3 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 10,250 కట్టాలి. వడ్డీయే 69,000 అవుతుంది. ఖర్చులన్నీ పోను మీకు నెలకు మిగిలేది 12,000. అందులోంచి ఈఎంఐ పోతే చేతిలో రెండు వేలు కూడా ఉండవు. సుకన్య ఆపుదామన్న ఆలోచన మీకు ఇక్కడే వచ్చి ఉంటుంది.

టాప్‌అప్ చూడ్డానికి తేలికగా ఉంటుంది. 9 శాతానికి, 15 ఏళ్లకు తీసుకుంటే నెలకు 3,050 లోపే. అంతేగా అనిపిస్తుంది. కానీ మొత్తం కట్టేది దాదాపు 5 లక్షల 48 వేలు. పాపకు 24 ఏళ్లు వచ్చేదాకా ఆ వాయిదా నడుస్తూనే ఉంటుంది. పిల్లలు చెట్టెక్కి ఆడుకునేది మహా అయితే ఇంకో ఐదారేళ్లు. వస్తువు వాడకం అయిపోయాక కూడా మిగిలే అప్పు మంచిది కాదు. ఫ్రిజ్‌కైనా, బైక్‌కైనా నేను ఇదే చెబుతాను.

ఇక సుకన్య. ఏడాదికి 250 రూపాయలు వేస్తే ఖాతా బతికే ఉంటుంది, అది నిజమే. కానీ మూడేళ్లలో మీరు వేయని 1,80,000 అక్కడితో ఆగిపోయే మొత్తం కాదు. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీయే కొనసాగితే, పాపకు 24 వచ్చేసరికి అది 5 లక్షలు దాటుతుంది. వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకోసారి సవరిస్తుంది కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు. ఏదేమైనా ఆట కోసం పాప చదువు డబ్బు ముట్టుకోకండి. రేపు పెద్దయ్యాక తనను అడిగినా అదే చెబుతుంది.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది బ్యాంకులో ఉన్న 1,10,000. సుకన్య పక్కన పెట్టినా ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు 65,000. అంటే ఆ డబ్బు రెండు నెలలకు కూడా చాలదు. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలే. ఆరు నెలల ఖర్చు, అంటే 3,90,000 పక్కన ఉండాలి. ఈ డబ్బు తీసి చెక్క కొనొద్దు.

మరి పిల్లలకు ఏం చెప్పాలి? ఇక్కడ నేను చూసిన ఒకటి చెప్పాలి. నా దగ్గర సలహా తీసుకునే ఒకాయన నాలుగేళ్ల కిందట వేప చెట్టు మీద ముచ్చటైన గది కట్టించారు. అద్దాల కిటికీ, లోపల గులాబీ రంగు, ఫ్యాను కూడా. మొన్న వాళ్లింటికి వెళ్తే ఎక్కి చూశాను. పాత కూలరు, సిమెంటు సంచులు ఉన్నాయి. కొమ్మకు చుట్టిన ఇనుప తీగ బెరడులోకి దిగిపోయి, దాని పైన కొమ్మ ఎండిపోయింది. పిల్లలు మాత్రం కింద మట్టిలో ఇటుక ముక్కలతో ఇల్లు కట్టుకుంటున్నారు. గది నిండా అన్నీ పెద్దవాళ్లే అమర్చేశారు, పిల్లలు చేసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మన జొన్న చేలల్లో మంచె ఉండేది కదా. నాలుగు గుంజలు, పైన కర్రల పరుపు, తాటాకు కప్పు, పక్కన ఒక నిచ్చెన. మా తాతగారి చేలో మంచె ఎక్కి వడిసెల పట్టుకుని కూర్చుంటే ఊరంతా నాదే అనిపించేది. ఎక్కేటప్పుడు నిచ్చెన కొంచెం ఊగేది. పిట్టలు వాలితే కేక వేయాలి, అదొక్కటే పని. మీ పిల్లలు అడుగుతున్నది దాదాపు అదే. మామిడి చెట్టు నీడలో ఒక మంచె వేయించండి.

దీనికి ఇంకో లాభం ఉంది. బరువంతా నేల మీది గుంజలే మోస్తాయి, చెట్టుకు మేకు కొట్టే పని లేదు. మీ వైపు సరుగుడు బాదులు దొరుకుతాయి, వడ్రంగి స్థానికుడే. గుంజల అడుగులకు తారు పూయించి పాతండి, లేకపోతే చెదలు పడతాయి. ఎత్తు ఐదారు అడుగులు చాలు. చుట్టూ మూడడుగుల కటకటాలు, కింద మందంగా ఇసుక తప్పనిసరి. బల్లలకూ మానుకూ మధ్య జానెడు ఖాళీ వదలండి, గాలికి మాను ఊగుతుంది. వీటిలో డబ్బు మిగుల్చుకోవద్దు. కప్పు, రంగుల దగ్గర మిగుల్చుకోండి.

డబ్బు ఇలా సర్దండి. మిగిలే 12,000లో 7,000 రికరింగ్ డిపాజిట్‌లో, 5,000 అత్యవసర నిధిలో వేయండి. ఇప్పుడు జులై. సంక్రాంతికి 42,000, దాని మీద కొంచెం వడ్డీ చేతికొస్తాయి. గుంజలు, పరుపు, నిచ్చెన, కటకటాలు అందులో చేయించండి. వడ్రంగిని ముందే పిలిచి ఎంతవుతుందో అడగండి. ఎక్కువ చెబితే కొలత తగ్గించండి, అప్పు వైపు మాత్రం చూడొద్దు. అప్పటికి తుపాన్ల కాలం కూడా దాటుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ధాటికి మీ వైపు ఎన్ని చెట్లు కూలాయో మీకు తెలుసు. వానాకాలంలో కొత్త కట్టడం పెట్టుకోవద్దు. కప్పు వేసవి సెలవుల్లో వేయొచ్చు. అది పూర్తయ్యాక ఆ 7,000 కూడా అత్యవసర నిధికే మళ్లించండి.

రికరింగ్ డిపాజిట్ కట్టే రోజు పిల్లలను కూర్చోబెట్టి, ఎంత జమైందో గోడ మీది క్యాలెండర్‌లో పాప చేతే రాయించండి. తొమ్మిదేళ్ల పిల్లకు అది బాగా అర్థమవుతుంది. ఎటు వైపు నిచ్చెన రావాలో, కప్పు ఏ ఆకుతో వేయాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

ఆరు నెలలు ఆగడం బాబుకు కష్టమే. అందుకని ఈ ఆదివారమే, పచ్చిగా బలంగా ఉన్న లావుపాటి కొమ్మ చూసి ఊయల కట్టండి. తాడు కింద గోనెపట్టా మడత పెట్టండి, బెరడు కోసుకుపోదు. ముందు మీరు కూర్చుని రెండుసార్లు ఊగి చూశాకే పిల్లలను ఎక్కించండి.